లిస్టులో లేని పేరు

పోలీసులు వస్తారని పెంచలయ్య సంచి సర్దుకొని ఇంటి అరుగు మీద కూర్చున్నాడు. సంచిలో రెండు పంచెలు, ఒక తువ్వాలు, వేపపుల్లల కట్ట, చదువుకోవడానికి ఒక పుస్తకం. లోపల ఆదిశేషమ్మ పొయ్యి రాజేసి వేడన్నం వండుతోంది. మొగుడు మళ్ళీ ఇంటి తిండి ఎప్పుడు తింటాడో ఏమో అని ఆమె దిగులు.

1962 నవంబరు నెల. సరిహద్దులో చైనాతో యుద్ధం. ఎర్రజెండా పట్టినవాళ్ళంతా దేశద్రోహులని పత్రికలు రోజూ రాస్తున్నాయి. కావలి తాలూకాలో పార్టీ వాళ్ళను తెల్లవారేసరికి పట్టుకుంటారని ముందురోజు సాయంత్రమే కబురు పొక్కింది. "ఎవరూ పారిపోవద్దు, ఇళ్ళకాడే ఉండండి. మనం దొంగలం కాదు" అన్నాడు తాలూకా కార్యదర్శి కామాక్షయ్య. ఆ మాటను సైకిలు మీద ఊరూరికీ చేరవేసింది పెంచలయ్యే.

వాళ్ళ ఊరు బోగోలు వీధిలోకి జీపు వచ్చేసరికి తూర్పున ఇంకా ఎరుపు తేలలేదు. పెంచలయ్య సంచి భుజాన వేసుకొని లేచి నిలబడ్డాడు. జీపు ఆగలేదు. పెద్దవీధిలో కామాక్షయ్య ఇంటి ముందు ఆగింది. అక్కణ్ణించి ఊరి చివర హరిజన పాలేనికి పోయి, కూలీల సంఘం నడిపే హెబ్రోను గుడిసె ముందు ఆగింది. తిరిగి వచ్చేటప్పుడు జీపు వెనక సీట్లో ఇద్దరూ కనిపించారు. హెబ్రోను పిడికిలి ఎత్తాడు. పెంచలయ్య అరుగు దిగి వీధి మధ్యకు నడిచాడు. డ్రైవరు హారను కొట్టి, అతన్ని తప్పించుకొని, కావలి రోడ్డు పట్టాడు.

దుమ్ము అణిగేదాకా పెంచలయ్య సంచితో అక్కడే నిలబడ్డాడు. పొద్దెక్కింది. గొడ్లను తోలుకుపోయేవాళ్ళు అతన్ని చుట్టుకొని పోయారు.

"లోపలికి రాయ్యా," అంది ఆదిశేషమ్మ వాకిట్లోంచి. "రాకపోతే మంచిదే గదా. అన్నం తిను."

"ఇంకో జీపు వస్తుందేమో," అన్నాడు.

మధ్యాహ్నం దాకా చూశాడు. ఇంకో జీపు రాలేదు. సాయంత్రానికి లెక్క తేలింది. తాలూకాలో పదకొండు మందిని తీసుకుపోయారు. పెద్దవాళ్ళలో మిగిలింది పెంచలయ్య ఒక్కడే.

పెంచలయ్యది పెద్ద పేరున్న బతుకేమీ కాదు. ఎలిమెంటరీ స్కూల్లో అయ్యవారుగా ఉంటూ, ఉద్యోగం వదిలి పార్టీలోకి వచ్చినవాడు. పార్టీ మీద నిషేధం ఉన్న రోజుల్లో, 1950లో, కామాక్షయ్య సముద్రం ఒడ్డు సరుగుడు తోపుల్లో దాక్కొని ఉంటే, కాలువ దాటి అతనికి కూడు మోసింది ఇతనే. ఒకనాడు క్యాంపు పోలీసులకు దొరికాడు. మూడు రోజులు కొట్టారు. కుడిచేతి రెండు వేళ్ళు విరిచారు. తోపు పేరు అతని నోట్లోంచి రాలేదు. నాలుగో రోజు, ఇక బతకడనుకొని కాలువ గట్టు మీద పారేసి పోయారు. బతికి లేచాక ఎడమచేత్తో రాయడం నేర్చుకున్నాడు. ఆ ఎడమచేతి రాత పాత రాతకంటే అందంగా వచ్చింది.

ఆ రాతే అతన్ని తాలూకా ఆఫీసు కార్యదర్శిని చేసింది. కావలిలో రైలు స్టేషను దగ్గరి మేడగదిలో పార్టీ ఆఫీసు. కరపత్రాలు, తీర్మానాలు, మినిట్సు పుస్తకం, గోడల మీద నినాదాలు, అన్నీ అతని చేతివే. వేదిక ఎక్కి మాట్లాడమంటే మాత్రం గొంతు పెగిలేది కాదు. "మాట్లాడేది మీరు, రాసేది నేను" అనేవాడు. పార్టీ ఒక నిర్ణయం తీసుకుంటే అందులో తప్పు ఉంటుందని అతనికి తోచేదే కాదు. తోచినా, ఆ తప్పు తన బుర్రలోనే ఉందనుకునేవాడు.

ఆ పదకొండు ఇళ్ళ బరువు ఇప్పుడతని మీద పడింది. రోజుకో ఊరు తిరిగాడు. జైలుకు పంపే ఉత్తరాలు రాసిపెట్టాడు. ఆడవాళ్ళను వెంటబెట్టుకొని వకీలు దగ్గరికి పోయాడు. మొదటి రోజు అందరూ అతన్ని చూసి ఏడ్చారు. రెండో రోజు ఏడుపు తగ్గింది. మూడో రోజు కామాక్షయ్య ఇంటికి పోతే, ఆయన భార్య వెంకటశేషమ్మ మంచినీళ్ళ చెంబు తెచ్చి పెట్టి, వెంటనే లోపలికి పోకుండా నిలబడింది.

"అందర్నీ తీసకపోయినారే. నిన్నెందుకు వొదిలినారన్నా?"

ఆమె గొంతులో తప్పుపట్టడం ఏమీ లేదు. నిజంగా తెలియక అడిగింది. పెంచలయ్య నీళ్ళు తాగి చెంబు కింద పెట్టాడు. ఇంటికి వస్తుంటే ఆ ప్రశ్న సైకిలు వెనక ఎక్కి కూర్చున్నట్టే ఉంది. తనను తానే ప్రశ్నించుకున్నాడు: నన్నెందుకు వదిలారు?

మర్నాడు ఉదయం అతను సంచి తీసుకొని కావలి పోలీసు స్టేషనుకు పోయాడు.

ఎస్సై కొత్తగా వచ్చినవాడు, ముప్పై దాటని మనిషి. పెంచలయ్య చెప్పింది మొదట అతనికి అర్థం కాలేదు.

"నిన్ను అరెస్టు చెయ్యమంటావా?"

"అవును. నేను తాలూకా ఆఫీసు కార్యదర్శిని. మా వాళ్ళందర్నీ తీసకపోయినారు."

ఎస్సై కాగితాలు తిరగేశాడు. "నీ పేరు లేదయ్యా ఇందులో. లేనోణ్ణి పట్టుకుంటే పైవాళ్ళకు నేను జవాబు చెప్పుకోవాల." సొరుగులోంచి ఒక పసుపుపచ్చ కరపత్రం తీసి బల్ల మీద పెట్టాడు. "పైనుంచి పేర్లు అడిగితే, నాకు ముందున్నాయన దీన్ని చూసి రాసి పంపించినాడు. సెప్టెంబరులో మీరు పెట్టిన సభది. దీంట్లో నీ పేరుందా, చూసుకో."

పెంచలయ్య చూడనక్కరలేదు. అది తన చేత్తో రాసి అచ్చుకు పంపిందే. వక్తలు అని పైన పెట్టి, కింద పదకొండు పేర్లు వరసగా రాశాడు. అలవాటుగా తన పేరు రాసుకోలేదు.

"ఇప్పుడు రాసుకోండి సార్ నా పేరు."

ఎస్సై నవ్వాడు. మంచివాడే, ఎగతాళి లేదు. "పో నాయనా. పెళ్ళాం బిడ్డలతో సుఖంగా ఉండు. జైలుకు తొందరేముంది?" అని లేచి, వయసులో పెద్దవాడని భుజం మీద చెయ్యివేసి మెట్ల దాకా వచ్చి సాగనంపాడు.

ఎదురుగా కుట్టుమిషను ముందు కూర్చున్న దర్జీ అది చూశాడు. పార్టీ జెండాలు కుట్టేవాడు అతనే. పెంచలయ్య పలకరింపుగా తల ఊపాడు. దర్జీ తల దించుకొని గుడ్డ వైపు చూశాడు.

ఆ వారంలోనే ఆ భుజం మీది చెయ్యి తాలూకా అంతా తిరిగింది. వకీలు దగ్గరికి తీసుకుపోతానంటే ఆడవాళ్ళు "మేమే పోతాంలే అన్నా" అనసాగారు. ఉత్తరాలు రాయించుకోవడం మానేశారు. ఆఫీసు మేడగదికి రోజూ పోయి తలుపు తీసి కూర్చునేవాడు. మెట్ల మీద అడుగుల చప్పుడు వినిపించేది కాదు.

జైలు నుంచి మనుషులు విడివిడిగా వచ్చారు. చివర్న కామాక్షయ్య 1963లో, వేసవి పోయాక వచ్చాడు. రైలు స్టేషనులో దండలు వేశారు. పెంచలయ్య కూడా దండ తీసుకుపోయాడు. కామాక్షయ్య మెడ వంచి వేయించుకున్నాడు గాని, ఎప్పటిలా కౌగలించుకోలేదు. "ఆఫీసు తాళం చేతులు హెబ్రోనుకియ్యి. నిన్ను ఒకరోజు పిలుస్తాం," అన్నాడు.

పిలిచింది అక్టోబరులో. తుపాను వస్తుందని జనం పడవలను కాలువ లోపలికి లాక్కుంటున్న రోజు. మధ్యాహ్నం మూడు గంటలకే మేడగదిలో దీపం పెట్టారు. బల్లకు అవతల ముగ్గురు: కామాక్షయ్య, హెబ్రోను, జిల్లా కమిటీ నుంచి వచ్చిన విజయభాస్కర్ అనే కుర్ర వకీలు. బల్ల మీద మినిట్సు పుస్తకం ఉంది. పెంచలయ్య అలవాటు కొద్దీ దాన్ని దగ్గరికి లాక్కొని పెన్ను మూత తీశాడు.

కామాక్షయ్య పుస్తకాన్ని అతని చేతి కిందనుంచి లాగి హెబ్రోను ముందు పెట్టాడు. "ఈరోజు నువ్వు రాయొద్దు."

హెబ్రోను రాయడం మొదలుపెట్టాడు. రాత్రి బడిలో పెద్దయ్యాక నేర్చుకున్న చదువు అతనిది. నేర్పింది పెంచలయ్యే.

"సెప్టెంబరు సభ కరపత్రం ఎవరు రాసినారు?" అన్నాడు కామాక్షయ్య.

"నేనే."

"దాంట్లో పదకొండు పేర్లుండాయి. ఆ పదకొండు మందీ జైలుకు పోయినారు. పన్నెండో మనిషివి నువ్వు. నీ పేరు యాడ?"

"నేను మాట్లాడేవాణ్ణి కాదు గదన్నా. మాట్లాడేవాళ్ళ పేర్లు రాసినా."

"ఆ కరపత్రం చూసే లిస్టు రాసినారని నీకెట్లా తెలుసు?"

"ఎస్సై చెప్పినాడు." ఈ సంగతి అందరికీ తానే చెప్పుకున్నాడు, అది వింటే అనుమానం తీరిపోతుందని.

విజయభాస్కర్ ముందుకు వంగాడు. "స్టేషనుకు ఎందుకెళ్ళారు?"

"నన్ను గూడా పట్టుకోమని అడిగేదానికి."

వకీలు నవ్వాడు. కామాక్షయ్య నవ్వలేదు. వాన జల్లు కిటికీలోంచి బల్ల మీద పడింది. ఎవరూ లేచి రెక్క మూయలేదు.

"పోలీసులకు పదకొండు పేర్లు రాసిచ్చి, మీ పేరు తీసేసుకుని, తర్వాత స్టేషనుకెళ్ళి టీ తాగొచ్చారు. బయటివాడికి ఇలా కనబడుతుందా లేదా? మీరే చెప్పండి," అన్నాడు విజయభాస్కర్.

"టీ తాగలేదు."

"టీ సంగతి కాదు నేనడిగేది."

పెంచలయ్య లోలోపల లెక్క చూసుకున్నాడు. టీ తప్పిస్తే వాళ్ళు ఎత్తిచూపిన వాటిలో ఒక్కటీ అబద్ధం కాదు. కరపత్రం తనదే. పేరు లేకపోవడం నిజం. స్టేషనుకు పోవడం నిజం, భుజం మీద చెయ్యి నిజం. అన్నీ నిజాలే చేరి అబద్ధం ఎట్లా అయ్యాయో అతనికి అంతుపట్టలేదు.

"అన్నా, యాభైలో..." అని మొదలుపెట్టాడు.

"దానికే వస్తన్నా," అన్నాడు కామాక్షయ్య, బల్ల మీది కాగితం వైపు చూస్తూ. "యాభైలో నిన్ను మూడు రోజులకే ఎందుకు వొదిలినారు? మిగతావాళ్ళకు మూడేళ్ళు పడింది."

ఆ ప్రశ్న అక్కడున్న ముగ్గురిలో ఎవరైనా అడగవచ్చు, ఒక్క కామాక్షయ్య తప్ప. పెంచలయ్య అతని ముఖంలోకి చూశాడు.

"నీకు తెలియదా అన్నా?"

"నాకేం తెలుసు? నేను తోపులో ఉన్నా. లోపలేం జరిగిందో నువ్వు చెప్తే విన్నదే గదా."

పెంచలయ్య కుడిచెయ్యి తీసి బల్ల మీద పెట్టాడు. వంగని రెండు వేళ్ళు దీపం వెలుగులో నిటారుగా నిలబడ్డాయి.

"పోలీసు దెబ్బలు ఎవరికైనా తగుల్తాయి," అన్నాడు విజయభాస్కర్ మెల్లగా. "వాళ్ళకు లొంగిపోయినవాళ్ళకు కూడా తగుల్తాయి."

అంతే. పార్టీ నుంచి బహిష్కరణ అని తీర్మానం చదివారు. కామాక్షయ్య చెయ్యి ఎత్తాడు, విజయభాస్కర్ ఎత్తాడు. హెబ్రోను పెన్ను కింద పెట్టి, తల ఎత్తకుండా, అన్నిటికంటే చివర్న ఎత్తాడు. అతను రాసిన పేజీ పెంచలయ్యకు తలకిందులుగా కనిపిస్తోంది. బహిష్కరణలో 'ష' కింద క వత్తు పడలేదు. అది దిద్దాలని ఎడమచెయ్యి దానంతటదే కదిలింది. చేతిని ఒళ్ళోకి లాక్కున్నాడు.

ఆ తర్వాత ఊళ్ళో ఎవరూ తిట్టలేదు, రాళ్ళు వెయ్యలేదు. మాట్లాడడం మానేశారు, అంతే. ఆదిశేషమ్మ నాట్లకు పోతే పక్క వరసలో ఎవరూ నిలబడేవాళ్ళు కాదు. ఒకరోజు ఆమె పనిలోంచి మధ్యలోనే వచ్చేసి, బురద కాళ్ళతో వాకిట్లో కూలబడింది.

"పన్నెండేండ్లు వాళ్ళ కాగితాలు మోసినావు. ఇప్పుడన్నా గట్టిగా అరవయ్యా! నేను చెయ్యలేదని ఒక్కసారి వీధిలో నిలబడి అరిచి చెప్పు!"

"పార్టీ మీద వీధిలో ఎట్లా అరుస్తామే," అన్నాడు.

ఆమె అతని వైపు చూసిన చూపు చాలా రోజులు అతని వెంట తిరిగింది.

బతకడానికి సరుగుడు తోపు కాపలాకు కుదిరాడు. పగలంతా గాలి హోరు, ఇసుక, కాలువలో పోయే కట్టెల పడవలు. ఆ ఒంటరితనంలో అతనికి హజరత్తయ్య గుర్తొచ్చాడు. 1958లో, ఒక భూస్వామి చేలో పంట కోసే విషయమై కొట్లాటకు పోవద్దు, కోర్టులో తేల్చుకుందాం అన్నందుకు, భూస్వామికి అమ్ముడుపోయాడని పార్టీ వెళ్ళగొట్టిన మనిషి. ఆ నోటీసు రాసింది పెంచలయ్య. ఎత్తిన చేతుల్లో అతని చెయ్యీ ఉంది. ఆనాటి నుంచి దారిలో ఎదురైతే సైకిలు దిగకుండా పక్కకు చూసుకుంటూ పోయేవాడు.

హజరత్తయ్య బిట్రగుంటలో సైకిళ్ళు బాగుచేసుకొని బతుకుతున్నాడు. పెంచలయ్య పోయేసరికి ఒక ట్యూబును నీళ్ళ తొట్టిలో ముంచి, గాలి ఎక్కడ పోతోందో చూస్తున్నాడు. తల ఎత్తలేదు.

"విన్నాలే నీ సంగతి," అన్నాడు. "ఏం కావాల?"

"ఊరికే వచ్చినా."

"ఐదేండ్లకు తీరిందా?" ట్యూబు తిప్పాడు. బుడగలు వచ్చాయి. అక్కడ వేలు పెట్టి ఆపాడు. "నా మీద కాగితం నువ్వే రాసినావు. ఇప్పటికీ నా పెట్టెలో ఉంది. అక్షరాలు ముత్యాలు. ఒకటడుగుతా, చెప్పు. నేను అమ్ముడుపోయినానని నమ్మినావా నువ్వు?"

పెంచలయ్య అబద్ధం చెప్పాలని రాలేదు. "లేదు," అన్నాడు.

"నమ్మినానని చెప్పుంటే క్షమించేవాణ్ణేమో." హజరత్తయ్య తడిచెయ్యి నిక్కరుకు తుడుచుకున్నాడు. "పో. పని ఉంది."

1964లో పార్టీయే రెండుగా చీలింది. కామాక్షయ్య, హెబ్రోను కొత్త పార్టీలోకి పోయారు. పెంచలయ్యను ఇటూ పిలవలేదు, అటూ పిలవలేదు. ఆ డిసెంబరు చివర్లో కొత్త పార్టీ వాళ్ళను మళ్ళీ పట్టుకోవడం మొదలుపెట్టారు. ఈసారి పోలీసులు కరపత్రాలు చూడలేదు. ఆఫీసులో దొరికిన పాత మినిట్సు పుస్తకం చూసి లిస్టు రాశారు. దాని నిండా ఒకే చేతిరాత.

ఉదయం పదిగంటలకు తోపులోకి ఇద్దరు కానిస్టేబుళ్ళు వచ్చారు. "పెంచలయ్య ఎవరు?"

"నేనే!" అన్నాడు. ఆ గొంతులోని ఉత్సాహానికి కానిస్టేబుళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఇంటిమీదుగా పోతూ వాకిట్లోంచి కేక వేశాడు. "ఆదిశేషా! వచ్చినారు, నాకోసమే వచ్చినారు!"

ఆదిశేషమ్మ చేటలో బియ్యంతో బయటికి వచ్చింది. మొగుడి ముఖంలో నవ్వు చూసి ఆమెకు ఒళ్ళు మండింది. "పెండ్లికి పిలిచినట్టు పోతన్నావే! నేనొకదాన్ని ఇక్కడ ఉండానని గుర్తుందా నీకు?"

అతను తల వంచుకున్నాడు. అయినా జీపు ఎక్కేటప్పుడు గుండె తేలికగానే ఉంది. ఇక ఎవరూ అడగడానికి లేదు, నిన్నెందుకు వదిలారని.

సెంట్రల్ జైల్లో బ్యారక్ తలుపు తీసి వార్డరు అతన్ని లోపలికి తోశాడు. నలభై మంది దాకా ఉన్నారు. ఏదో వాదన జోరుగా సాగుతోంది. పెంచలయ్యను చూడగానే మాట ఎక్కడిదక్కడ ఆగిపోయింది. కామాక్షయ్య లేచాడు.

"చూసినారా," అన్నాడు అందరి వైపూ తిరిగి. "పార్టీలో లేనోణ్ణి పార్టీ మనిషని పట్టకొచ్చినారు. ఎందుకో తెలుసుకోలేనంత పిచ్చోళ్ళమా మనం? మన మాటలు వినడానికి పంపినారు. నోరు జాగ్రత్త."

పెంచలయ్య పరుపుచుట్ట చంకలో పెట్టుకొని తలుపు దగ్గరే నిలబడ్డాడు. జైలు బయట తప్పు, పట్టుకోకపోవడం. జైలు లోపల తప్పు, పట్టుకోవడం. ఎటు తిరిగితే నిర్దోషి అవుతాడో అతనికి తెలియలేదు.

పదహారు నెలలు ఆ తలుపు పక్కనే పడుకున్నాడు. వాళ్ళంతా కలిసి వండుకునేవాళ్ళు. ఇతనికి గిన్నెలో విడిగా తెచ్చి పెట్టి పోయేవాళ్ళు. అతను దగ్గరికి వస్తే చదువుతున్న కాగితం మడిచేసేవాళ్ళు. వేసవిలో, జబ్బుపడిన ఖైదీలకు వైద్యం కావాలని అందరూ నిరాహారదీక్ష పట్టారు. అతన్ని ఎవరూ పిలవలేదు. అతను తన గిన్నెను కూడా కడ్డీల బయట పెట్టేశాడు. ఐదో రోజు మిగతావాళ్ళు ఒకరినొకరు ఆనుకొని కూర్చుంటే, ఇతను గోడను ఆనుకొని కూర్చున్నాడు. ఏడో రోజు కళ్ళు తిరిగి పక్కకు ఒరిగాడు. తల నేలకు తగలలేదు. ఎవరి చెయ్యో అడ్డం వచ్చింది.

హెబ్రోను. గ్లాసుతో ఉప్పునీళ్ళు పెదాలకు ఆనించాడు. బ్యారక్ అంతా చూస్తోంది.

"హెబ్రోను కామ్రేడ్," అని కామాక్షయ్య గొంతు వినిపించింది. "మన నిర్ణయం మరిచిపోయినావా?"

హెబ్రోను వెనక్కు తిరగలేదు. పెంచలయ్య తలను ఒళ్ళో పెట్టుకొని అట్లాగే కూర్చున్నాడు.

"ఆ పొద్దు నేను నమ్మలేదన్నా," అన్నాడు చెవి దగ్గర.

"మరి చెయ్యెందుకెత్తినావు?"

"ఎత్తకపోతే నీ పక్కన కుర్చీ నాకేసేవాళ్ళు. భయపడినా. పాలెంలో పుట్టినోణ్ణి, ఆ బల్లకు అటువైపు కూర్చోడానికి నాకు ఇరవై ఏండ్లు పట్టింది."

పెంచలయ్య కళ్ళు మూసుకున్నాడు. కోపం రావాలి, రాలేదు. తాను బిట్రగుంటలో ఏ మాట చెప్పి వచ్చాడో హెబ్రోను ఇప్పుడు అదే చెప్పాడు. హజరత్తయ్యకు ఆ మాట ఎట్లా తగిలి ఉంటుందో అప్పుడు తెలిసింది.

1966లో బయటికి వచ్చారు. ఆ ఏడాది చివర, ఎన్నికలు దగ్గరపడుతుండగా, హెబ్రోను ఒక కాగితం పట్టుకొని తోపుకు వచ్చాడు. పెంచలయ్య మీది ఆరోపణకు సాక్ష్యం చాలదని, కమిటీ ముందుకు వస్తే తిరిగి సభ్యత్వం ఇస్తారని దాని సారం. గోడరాతలు రాసేవాళ్ళు దొరకడం లేదని హెబ్రోను నోటిమాటగా చెప్పాడు.

"పోవద్దు," అంది ఆదిశేషమ్మ.

"పోతా. ఒక మాట అడిగేదుంది."

మేడగది అదే, బల్ల అదే. ఈసారి అతనికి వాళ్ళ వరసలోనే కుర్చీ వేశారు. కామాక్షయ్య జుట్టు బాగా నెరిసింది. "కొన్ని పొరపాట్లు రెండువైపులా జరిగినాయి," అని మొదలుపెట్టాడు.

"నా సంగతి తర్వాతన్నా," అన్నాడు పెంచలయ్య. గొంతు పెగలదనుకున్నాడు గాని పెగిలింది. "హజరత్తయ్య కేసు గూడా తీయండి. ఆయన అమ్ముడుపోలేదు. అప్పుడు నాకు తెలుసు, నీకు తెలుసు. తెలిసే చేతులెత్తినాం."

"అదీ ఇదీ ఒకటి కాదు. దాన్ని ఇప్పుడు తవ్వితే..."

"ఆయన మీద నోటీసు తప్పని ఒక ముక్క రాయండి. ఈ పొద్దే గోడల మీద రాసేదానికి పోతా."

కామాక్షయ్య తల అడ్డంగా ఊపాడు. పెంచలయ్య బల్ల చుట్టూ ఉన్న ముఖాలను ఒక్కొక్కటిగా చూశాడు. ఇరవై ఏళ్ళలో మొదటిసారి, పార్టీ చెప్పిందాంట్లో తప్పు తన బుర్రలో కాదని, ఆ బల్ల మీదే ఉందని అతనికి స్పష్టంగా కనిపించింది. లేచి నమస్కారం పెట్టి మెట్లు దిగాడు.

ఈ సంగతి విని హజరత్తయ్య సంతోషించలేదు. "నా పేరెత్తమని నిన్నెవడడిగినాడు? నేను మరిచిపోయి బతుకుతన్నా," అని పానా విసిరేశాడు. తర్వాత నెలకు ఒకసారి పెంచలయ్య సైకిలు తీసుకుపోతే మాత్రం బాగుచేసి ఇచ్చేవాడు. పెద్దగా మాటలుండేవి కావు.

1968లో కామాక్షయ్య వంతు వచ్చింది. పార్టీలోని కుర్రకారు ఆయన మెత్తబడ్డాడని, పోరాటం వద్దని అడ్డం పడుతున్నాడని, బంజరు భూముల విషయంలో అధికారులతో కుమ్మక్కయ్యాడని ఆరోపించారు. ఒక మధ్యాహ్నం అదే మేడగదిలో చేతులెత్తారు. హెబ్రోను ఎత్తలేదని, అతన్ని కూడా సంఘం పనిలోంచి తప్పించారని సాయంత్రానికి బోగోలంతా తెలిసింది.

మర్నాడు తెల్లవారగానే పెంచలయ్య చొక్కా తొడుక్కున్నాడు.

"యాడికి?" అంది ఆదిశేషమ్మ.

"కామాక్షయ్యన్న ఇంటికి."

ఆమె కంచం తెచ్చి కింద పెట్టింది. "తిని పో. వాళ్ళింట్లో ఈ పొద్దు పొయ్యి వెలిగించి ఉండరు."

పెద్దవీధిలో జనం ఆ ఇంటి ముందునుంచి పోయేటప్పుడు అవతలి అంచున నడుస్తున్నారు. పెంచలయ్య నేరుగా పోయి తలుపు తట్టాడు. వెంకటశేషమ్మ తీసింది. అతన్ని చూసి గుమ్మంలోనే నిలబడిపోయి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

కామాక్షయ్య వసారాలో వాలుకుర్చీలో ఉన్నాడు. రాత్రంతా నిద్రలేని కళ్ళు. పెంచలయ్యను పైనుంచి కిందిదాకా చూశాడు.

"నిన్నెవరు పంపినారు?" అన్నాడు.

"ఎవరూ పంపలేదన్నా."

"ఎవరూ పంపకుండా ఎందుకొస్తావు? నేనేం మాట్లాడతానో విని పోయి చెప్పేదానికా?"

పెంచలయ్యకు ఒక్క క్షణం వెనక్కు తిరిగి పోదామనిపించింది. తోపుకు తాను మోసిన కూటి గిన్నెలు, విరిగిన వేళ్ళు, పదహారు నెలల తలుపు మూల, అన్నీ గుర్తొచ్చాయి. అయినా కదలలేదు.

"నా వంతు వచ్చినపుడు మొదటి రోజు ఎవరూ రాలేదు," అన్నాడు. "హజరత్తయ్య వంతు వచ్చినపుడు నేను పోలేదు. ఆ మొదటి రోజు శానా కష్టంగా ఉంటుందన్నా. అందుకని వచ్చినా."

కామాక్షయ్య ముఖం గోడ వైపు తిప్పుకున్నాడు. పెంచలయ్య ఎదురుగా ఉన్న బల్లమీద కూర్చున్నాడు. వీధిలోంచి ఎవరో తొంగిచూసి పోయారు. లోపల వెంకటశేషమ్మ పొయ్యిలో పుల్లలు విరుస్తున్న చప్పుడు మొదలైంది.